గీత తెగిన చోట

అనంతపురం నుంచి బెంగళూరు బస్సులో నాలుగైదు గంటలే. అయినా మారతహళ్లి పీజీలో దిగిన మొదటి నెలల్లో పరాయి దేశంలో ఉన్నట్టే ఉండేది. మెస్సులో అంతా తెలుగే, ఆఫీసులో మాత్రం నోరు పెగిలేది కాదు.

నాకిచ్చిన పని వైర్‌లెస్ మోడెమ్ సిమ్యులేషన్. సిగ్నల్ బలం పెరిగేకొద్దీ ఎన్ని బిట్లు తప్పుగా అందుతాయో సి భాషలో లెక్కగట్టాలి. బీపీఎస్‌కే అని, ఒక్కో బిట్‌నూ తరంగం ఫేజు తిప్పి పంపే పద్ధతి ఉంది. దానికి తప్పుల సూత్రం చిన్నదే: బిట్ శక్తికీ నాయిస్‌కీ ఉన్న నిష్పత్తికి వర్గమూలం తీసి, దాని ఈఆర్ఎఫ్‌సీ అనే గణిత ఫంక్షన్ విలువలో సగం. ఈఆర్ఎఫ్‌సీ అంటే ఒకటిలోంచి ఈఆర్ఎఫ్ (ఎర్రర్ ఫంక్షన్) తీసెయ్యడమే కదా అని అలాగే రాశాను. ఆ నిష్పత్తి 15 డెసిబెల్స్ దాటగానే గ్రాఫ్ తెగిపోయింది. జవాబు సున్నా వస్తే లాగ్ స్కేలు మీద చుక్క పెట్టడానికి చోటే ఉండదు. సాయంత్రమే రివ్యూ. ఒకటే టెన్షన్.

పక్క సీట్లో కూర్చునే అన్నది కర్నూలు. స్క్రీన్ చూసి, "ఏమప్పా, మీ నాయన మార్కెట్ యార్డులో హమాలీ అన్నావు కదా. శెనక్కాయల లారీని వేబ్రిడ్జి మీద తూసి, గుప్పెడు కాయలు తీసి మళ్ళీ తూస్తే తేడా తెలుస్తుందా?" అన్నాడు.

తెలియదు. 15 డెసిబెల్స్ దాటాక ఆ వర్గమూలం 6 అవుతుంది. 6 దగ్గర ఈఆర్ఎఫ్ విలువలో దశాంశం తర్వాత వరసగా 16 తొమ్మిదులుంటాయి. సి లో దశాంశ సంఖ్యలు దాచే డబుల్ అనే రకంలో పట్టేది సుమారు 16 అంకెలే కాబట్టి అది ఒకటి అయి కూర్చుంటుంది. ఒకటిలోంచి ఒకటి పోతే సున్నా. అసలు జవాబు 2.15 × 10⁻¹⁷, అదే ఆ గుప్పెడు కాయలు.

వాటిని విడిగా తూసే తక్కెడ సి లోనే ఉంది. 1999 ప్రమాణం నుంచి మ్యాథ్ లైబ్రరీలో ఈఆర్ఎఫ్‌సీ అనే ఫంక్షనే ఉంది. ఒక్క లైను మార్చాను. గీత 20 డెసిబెల్స్ దాకా, 10⁻⁴⁵ వరకూ దిగింది.

రివ్యూ అయ్యాక ఆ రాత్రి ఈఆర్ఎఫ్‌సీకి సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ వాళ్లు రాసిన 1993 నాటి కోడ్ తెరిచాను. ఫంక్షన్‌కిచ్చే సంఖ్య ఎక్స్. లెక్కలో దాని వర్గాన్ని ఎక్స్‌పోనెన్షియల్‌లో పెట్టాలి. ఎక్స్ పెద్దదైతే, దాని చివరి 32 బిట్లు సున్నా చేసి జెడ్ అంటారు. ఆ పొట్టి జెడ్ వర్గం డబుల్‌లో పొల్లుపోకుండా పడుతుంది. మిగిలిన చిన్న ముక్కను ఇంకో ఎక్స్‌పోనెన్షియల్‌లో విడిగా కలుపుతారు. వర్గంలో ఇసుమంత తప్పు జరిగినా ఎక్స్‌పోనెన్షియల్ దాన్ని ఎన్నో రెట్లు పెంచేస్తుందని ఈ జాగ్రత్త. ఆ నాలుగు లైన్లూ ఎన్నిసార్లు చదివానో!

ఆదివారం నాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "గుప్పెడు కాయలు వేబ్రిడ్జి మీద ఎవరన్నా తూస్తారా నాయనా?" అన్నాడు.