పడుకునే టైమ్ కాదు, లేచే టైమ్

రాత్రి రెండింటికి మెలకువ రావడం, పొద్దున మీటింగులో ఏం అడుగుతారో అని అప్పటినుంచే టెన్షన్ పడటం. కొన్నాళ్లు ఇదే వరస. ఇంట్లోవాళ్లకి చెప్తే కంగారుపడతారని 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బులు పడవు, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నీతులు చెప్తారేమో అనుకున్నా. అవతల ఆవిడ మాత్రం, "ఎన్నింటికి లేస్తారండీ?" అని అడిగింది.

"ఏడింటికి."

"ఆదివారం?"

"పదకొండు అవుతుంది."

"ముందు అదొక్కటి చూడండి. నిద్ర ఎప్పుడు పట్టినా సరే, లేచే టైమ్ మార్చకండి."

మొదటి ఆదివారాలు నరకమే. కానీ కళ్లమీద పొద్దుటి వెలుగు పడితే ఒంట్లోని గడియారం సర్దుకుంటుందట. అందుకని లేవగానే యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కుకి పోతున్నా. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రోజూ పోతుంటే ఆ లెక్క దానంతటదే తీరిపోతుంది. ఫోన్ ఇంట్లోనే.

కష్టమంతా చాయ్‌తోనే వచ్చింది. కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన ఇరానీ చాయ్ రాత్రి పదకొండుకి కూడా పూర్తిగా దిగదన్నమాట. హైదరాబాదులో ఉండి సాయంత్రం చాయ్ మానేయమంటే ఎలా? ఆఫీసు వాళ్లతో హోటల్‌కి ఇప్పటికీ పోతాను, ఉస్మానియా బిస్కెట్ తిని వస్తాను. వెక్కిరిస్తారు, వెక్కిరించనీ.

నాకు బాగా పనికొచ్చింది చిన్న పాకెట్ బుక్కు. రాయదుర్గంలో మెట్రో ఎక్కగానే తీస్తాను. ఎడమవైపు బెంగ, కుడివైపు దానికి రేపు చేయాల్సిన పని. "అమ్మ మోకాళ్లు" అని రాస్తే ఎదురుగా "శనివారం ఎముకల డాక్టర్ అపాయింట్‌మెంట్". "మేనేజర్ ముభావంగా ఉన్నాడు" అన్నదానికి కుడివైపు రాయడానికి ఏమీ ఉండదు, ఒక గీత కొడతాను. యూసుఫ్‌గూడ స్టేషన్ వచ్చేసరికి బుక్కు మూసేస్తా. రాత్రి మెలకువ వచ్చినా, "రాసేశాం కదా" అనుకుంటే చాలాసార్లు మళ్లీ నిద్ర పడుతోంది. ధ్యానం యాప్ మాత్రం నాకు అచ్చిరాలేదు, తీసేశాను.

ఇదంతా నాలాంటి టెన్షన్ మనుషులకి. రెండు వారాలు దాటినా దిగులు వదలక, ఏ పనిమీదా మనసు పోకపోతే నడకతోనో బుక్కుతోనో సరిపెట్టుకోవద్దు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. "ఎర్రగడ్డా?" అని నవ్వేవాళ్లని నవ్వనివ్వండి, మీరు పోయి డాక్టర్‌కి చూపించుకోండి.