కొట్టకుండ కూసునుడు

ఈ వారం తొమ్మిదో క్లాసుకు అమెరికా నల్లజాతోళ్ల హక్కుల పోరాటం చెప్పిన. మాది దేవరకొండ దిక్కు, సర్కారు బడి. 1955 డిసెంబర్ 1న మాంట్‌గోమరీల రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆమె బస్సుల తెల్లోనికి సీటు ఇయ్యనంటె అరెస్టు చేసిండ్రు, దాని మీద అక్కడి నల్లజాతోళ్లు 381 రోజులు బస్సే ఎక్కలే, నడిచిండ్రు, కార్లున్నోళ్లు మిగతావాళ్లను ఎక్కించుకున్నరు అని చెప్తుంటె ఒక పిల్ల లేచి, మరి మా అమ్మ ఫ్రీ బస్సు గూడ ఎక్కకుండ ఏడాది ఉంటదా సార్ అన్నది. 2019ల ఆర్టీసీ సమ్మె 52 రోజులకే మనం ఆగమైనం గదా అన్న. రోజా పార్క్స్ కంటె ముందే, 1955 మార్చిల క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏండ్ల పిల్ల గూడ సీటు లేవనని అరెస్టైంది అంటె క్లాసుల సప్పుడు లేదు, వాళ్ల ఈడే గదా.

అసలు మజా తర్వాత ఉంది. జేమ్స్ లాసన్ అని ఒకాయన, ఇక్కడ నాగపూర్‌ల కొన్నేండ్లు ఉండి గాంధీ పద్ధతి తెలుసుకొని పోయినోడు, నాష్‌విల్‌ల కాలేజీ పోరగాండ్లకు ట్రైనింగ్ ఇచ్చిండు. కొందరు నల్లోళ్లకు పెట్టని హోటల్ల కూసున్నట్టు కూసోవాలె, కొందరు తిట్టాలె, గుంజాలె, కూసున్నోళ్లు తిరిగి ఏం అనొద్దు. మేమూ చేసినం. రెండు బెంచీలేసిన, కులం పేరు, అమ్మానాయినల పేరు ఎత్తొద్దని ముందే చెప్పిన. ఒకడు నోట్‌బుక్కు గుంజి గీతలు గీసిండు, కూసున్న పోరడు ఇరవై సెకన్లు గూడ ఓపలే, లేచి కాలర్ పట్టిండు. అందరు నవ్విండ్రు. మల్లొక్కసారి సార్ అని వాడే మల్ల కూసున్నడు, బెంచి అంచు రెండు చేతుల్ల గట్టిగ పట్టుకొని, చెవులు ఎర్రగయినయి గని లేవలే.

ఎనక బెంచి నుంచి ఇంకొకడు, మనోళ్లు గుత్పలు పట్టి దొరల్ని ఉరికిచ్చిండ్రు గద సార్, అది తప్పా మరి అన్నడు. నల్లగొండల ఈ పాఠం చెప్తె ఈ ప్రశ్న రాకపోతె ఎట్ల, అయినా నేను తడబడ్డ. దొరల జులుం ఎట్లుండెనో, అప్పుడు వాళ్ల ముందట ఏం దారి ఉండెనో చెప్పిన గని నాకే సరిగ అనిపియ్యలే. తెలంగాణ ఉద్యమంల రోడ్డు మీద వంటావార్పు చేసినం, అదీ కొట్లాటేరా అంటె, అన్నం వండుడు గూడ కొట్లాటేనా అని వాళ్లకు నవ్వు.

గ్రీన్స్‌బోరోల 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి కాలేజీ పోరగాండ్లు తెల్లోళ్లకే పెట్టే కాడ కాఫీ అడిగి, ఇయ్యకపోతె అక్కడ్నే కూసున్నరు అంటుంటె, ఎప్పుడు నోరు తెరవని పిలగాడొకడు మెల్లగ, మా తాతకు ఛాయ్ హోటల్ల గ్లాసు ఏరే ఉంటుండెనట సార్, తాగి ఆయనే కడిగి పెట్టాల్నట అన్నడు. మరి మీ తాత ఏం చేసిండురా అంటె, అడిగొస్త సార్ అన్నడు. ఇంతల గంట కొట్టిండ్రు. ఇయ్యాల శనివారం, సోమవారం దాంక ఆగాలె.