మూడు కటకాలా, నాలుగు కటకాలా? రెండు యాషికాలతో నా అనుభవం

పాత ఫిలిం కెమెరా కొందామని ఎవరిని అడిగినా ఒకటే మాట: “టెస్సార్ రకం లెన్స్ అయితేనే తీసుకో, ట్రిప్లెట్ జోలికి పోకు.” టెస్సార్ అంటే నాలుగు కటకాల లెన్స్, ట్రిప్లెట్ అంటే మూడు కటకాలది. నా దగ్గర రెండూ ఉన్నాయి. మా మేనమామ స్టూడియో మూసేశాక నాకిచ్చిన యాషికా మ్యాట్ 124జి ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న యాషికా-ఎ ఇంకొకటి. రెండిట్లోనూ 120 అనే వెడల్పాటి రోల్ ఫిలిమే, రెండిటికీ 80 మి.మీ. ఎఫ్/3.5 లెన్సే (ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). తేడా లోపలి గాజులో ఉంది.

యాషికా-ఎలో ఉన్న యాషికార్ అనే లెన్స్ ట్రిప్లెట్. 1893లో ఇంగ్లండ్‌లో డెన్నిస్ టేలర్ పేటెంట్ చేసిన పద్ధతి: అటూ ఇటూ కుంభాకార కటకాలు, మధ్యలో పుటాకార కటకం. 124జిలోని యాషినాన్ లెన్స్‌ది టెస్సార్ పద్ధతి, 1902లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో పాల్ రుడాల్ఫ్ రూపొందించింది. అందులో వెనక ఒక్క కటకం బదులు రెండు అతికించి ఉంటాయి. ఆ అదనపు గాజు ఫలితం కనబడాల్సింది ముఖ్యంగా ఫొటో మూలల్లో.

ముందు టార్చి వేసి చూశాను. షటర్ ‘బి’లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండేలా) తెరిచి వెనక నుంచి వెలుగు పంపితే యాషికా-ఎ లెన్సులో పొగ పట్టినట్టు పల్చటి మసక. కోస్తా తేమలో బీరువాలో పడున్న లెన్సులకు ఇది మామూలే. అలాగే పరీక్షిస్తే కాంట్రాస్ట్ పడిపోయి, నింద పాపం డిజైన్ మీదికి పోతుంది. మెకానిక్ దగ్గర తుడిపించాను.

తర్వాత ఫోకస్. వీటిలో చూసేది పై లెన్సులో, ఫొటో పడేది కింది లెన్సులో. రెండూ ఒకేచోట ఫోకస్ కాకపోతే ఎంత గొప్ప డిజైనయినా దండగే. ఫిలిం ఉండే చోట గరుకు గాజు ముక్క పెట్టి, లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూస్తే యాషికా-ఎలో కాస్త తేడా ఉంది. మెకానిక్ పై లెన్సును ఒక పిసరు తిప్పి సరిచేశాడు.

ఇక టార్గెట్. టెండరు ప్రకటనలున్న దినపత్రిక పేజీలను గోడకు మధ్యలోనూ, నాలుగు మూలలకూ అంటించాను. కెమెరా గోడకు సూటిగా ఉందో లేదో తెలియడానికి ఒక చిట్కా: గోడ మధ్యలో చిన్న అద్దం ఆనించి, వ్యూఫైండర్‌లో పై లెన్స్ తన ప్రతిబింబాన్ని సరిగ్గా మధ్యలో చూసేదాకా ట్రైపాడ్ కదపాలి. ఎండలో లాభం లేదు, లెన్స్ పూర్తిగా తెరిస్తే వెలుతురు ఎక్కువైపోతుంది. యాషికా-ఎ షటర్ వేగం సెకనులో 1/300 వంతు దాటదు, 1/25 వంతు కన్నా నెమ్మదిగానూ పనిచేయదు. అందుకే నీడ గోడ, ఎఫ్పీ4 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిలిం, ఎఫ్/3.5 నుంచి ఎఫ్/11 దాకా. రెండు రోల్సూ ఒకే ట్యాంకులో డెవలప్ చేశాను, ఆ వంక కూడా మిగలకుండా.

నెగటివ్‌లను లైట్ టేబుల్ మీద పరిచి లూప్ పెట్టి చూశాను. ఎఫ్/3.5 దగ్గర మధ్యలో రెండూ చిన్న అక్షరాలు చదివించాయి, 124జిలో నలుపు కాస్త గట్టిగా ఉంది. మూలల్లో మాత్రం యాషికా-ఎ చేతులెత్తేసింది. హెడ్డింగులు తెలుస్తున్నాయి గానీ ఒత్తులు అక్షరాల్లో కలిసిపోయాయి, గుడికీ గుడి దీర్ఘానికీ తేడా లేదు. 124జి మూలలూ అద్దంలా ఏమీ లేవు, కానీ చదవగలిగాను. ఎఫ్/5.6కి ఆ తేడా సగానికి తగ్గింది. ఎఫ్/8లో తేడా కోసం వెతకాలి. ఎఫ్/11 నెగటివ్‌లు రెండూ మా తమ్ముడి ముందు పెడితే ఏది ఏ కెమెరాదో చెప్పలేకపోయాడు.

మామయ్యకు చూపిస్తే నవ్వాడు. “పెళ్లి గ్రూపు ఫొటోలన్నీ ఫ్లాష్ వేసి ఎఫ్/11లోనే తీశాంరా. చివర నిలబడ్డ వియ్యంకుడు మసగ్గా పడితే డబ్బులెవరిస్తారు?”

నా మట్టుకు నేను, మసక పట్టిన టెస్సార్ కన్నా శుభ్రంగా ఉన్న ట్రిప్లెట్‌నే కొంటాను, అదీ తక్కువ ధరకు వస్తుంటే. మనిషి ముఖం తీసేటప్పుడు మూలల్లో ఉండేది ఎలాగూ మసకబారిన బ్యాక్‌గ్రౌండే. ఎదురు వెలుతురులో ఈ రెండూ ఎలా ఉంటాయో ఇంకా చూడాలి. ఈ లెన్సులకు పట్టే బే-1 సైజు హుడ్ (పక్క వెలుతురు పడకుండా లెన్స్‌కు తొడిగే గొడుగు) దొరికాక మరో రోలు ఎక్కిస్తాను.