బుధవారం, ఓపీ, డాక్టర్ అర్బత్‌నాట్

పొద్దున్నుంచి ముసురు పట్టడంతో ఓపీ పలచగా ఉంది. జ్వరాలూ విరేచనాలూ వాన వెలిశాక గుంపుగా వస్తాయి కాబట్టి ఈ తెరిపి ఎన్నాళ్ళో నిలవదు. కొన్నాళ్ళుగా బల్ల సొరుగులో పెట్టుకుని, ఒక రోగి వెళ్ళి మరొకరు వచ్చేలోపు నాలుగేసి పేజీలుగా చదువుతున్న జాన్ అర్బత్‌నాట్ రచనలు ఈరోజు ఒక కొలిక్కి వచ్చాయి. ఆయన గురించి నాలుగు మాటలు రాసుకోవాలనిపించింది.

ఈయన 1667లో స్కాట్లాండ్‌లో ఒక మతాచార్యుడి ఇంట పుట్టి, 1696లో సెయింట్ ఆండ్రూస్‌లో వైద్య పట్టా పుచ్చుకుని, లండన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. ఆన్ రాణి భర్త ప్రిన్స్ జార్జ్ ఎప్సమ్‌లో ఉన్నట్టుండి జబ్బుపడినప్పుడు అదృష్టవశాత్తూ అక్కడే ఉండటంతో రాజకుటుంబం దృష్టిలో పడి, 1705లో రాణికే వైద్యుడయ్యాడు. రచయిత జొనాథన్ స్విఫ్ట్‌కు, కవులు అలెగ్జాండర్ పోప్‌కు, జాన్ గేకు ఆప్తమిత్రుడు. లోకంలో ఇలాంటి అర్బత్‌నాట్‌లు ఒక డజను మంది ఉంటే తన గలివర్ యాత్రలను తగలబెట్టేస్తానని స్విఫ్ట్ 1725లో పోప్‌కు ఉత్తరం రాశాడు. అప్పటికి ఆ పుస్తకం ఇంకా అచ్చు కాలేదు. మనిషి జాతి మీదే కోపం పెంచుకున్న స్విఫ్ట్ నోట ఇలాంటి మాట రావడం సామాన్యమైన సంగతి కాదు.

పదిన్నర ప్రాంతంలో ఒక పెద్దాయన భార్యతో కలిసి వచ్చారు. రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసి మానుకున్నవారు, చాలాకాలంగా షుగరు ఉన్నవారు. "రాత్రిపూట అన్నం పూర్తిగా మానేశానండీ డాక్టరు గారూ" అన్నారు. మరి ఏం తింటున్నారంటే, "ఏముందండీ, టిఫినే. ఓ నాలుగు ఇడ్లీలో, రెండు దోసెలో" అని, పరగడుపున చేయించిన పరీక్ష కాగితం ధీమాగా నా ముందు పెట్టారు. అందులో 118 ఉంది. కింద కాగితంలో మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ మాత్రం 9.2 ఉంది. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టేసుకుంటే మొదటి అంకెను లొంగదీయవచ్చు గానీ రెండో అంకె అలా లొంగదు. ఆయన భార్య నా వైపు గానీ ఆయన వైపు గానీ చూడకుండా, కొంగు చివరతో కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు.

వారు వెళ్ళాక తెరిచిన పేజీలోనూ మూడు నెలల ప్రస్తావనే తగలడంతో గట్టిగా నవ్వు వచ్చింది. రాజకీయ అసత్యకళ మీద అర్బత్‌నాట్ 1712లో ఒక చిన్న కరపత్రం వేశాడు. ఆ కళపై రెండు సంపుటాల మహాగ్రంథం రాబోతోందనీ, చందాదారులు కావలసినవారు ముందుకు రావాలనీ ప్రకటిస్తూ, ఆ లేని గ్రంథంలోని మొదటి సంపుటాన్ని అధ్యాయాల వారీగా సంగ్రహించి చెప్పడం ఆ కరపత్రం ఎత్తుగడ. అబద్ధాలు ఎక్కువై జనంలో పరపతి పోగొట్టుకున్న పార్టీ ఏం చేయాలో అందులో ఒక చికిత్స రాశాడు. మూడు నెలల పాటు నిజం తప్ప మరేమీ చెప్పకూడదట. ఆ పథ్యం నిలబెట్టుకుంటే తరవాత ఆరు నెలలు నిశ్చింతగా అబద్ధాలాడే అర్హత తిరిగి వస్తుందట. చీటీ రాసేటప్పుడు మోతాదూ కాలవ్యవధీ ఎంత నిర్వికారంగా రాస్తామో అంత నిర్వికారంగా రాశాడు. ఎక్కడా కనుబొమ్మ కూడా ఎగరేయడు.

అబద్ధానికి విరుగుడు నిజమా, మరో అబద్ధమా అన్న చర్చ ఇంకా రుచిగా ఉంది. సింహాసనం తనదంటూ ఫ్రాన్సులో కూర్చున్న స్టూవర్ట్ వారసుడు లండన్‌లో దిగాడని పుకారు పుడితే, అతడు అసలు ఇంగ్లండుకే రాలేదని ఖండించడం తెలివితక్కువ పని అంటాడు. గ్రీనిచ్ దాకా వచ్చి అక్కడి నుంచి వెనక్కి మళ్ళాడని ప్రత్యక్ష సాక్షుల చేత చెప్పించాలట. వాట్సాప్‌లో తిరిగే ఆరోగ్య సలహాలకు జవాబు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్న నాలాంటివాడికి ఇది మూడు వందల ఏళ్ళ నాటి రాతలా అనిపించలేదు. కాకరకాయ రసం తాగి ఇన్సులిన్ మానేయవచ్చని నమ్మినవారికి అది నిజం కాదని చెబితే వినరు. ఆ రసం మీ ఒంటికి పడదని చెబితే వింటారు. (ఈ వాక్యం రోగుల కంటపడకుండా చూసుకోవాలి.)

నమ్మడానికి సిద్ధంగా ఉన్న మనుషులను గమనించడం ఆయనకు మహా సరదా. 1726 చివరలో గలివర్ యాత్రలు వెలువడగానే స్విఫ్ట్‌కు రాసిన ఉత్తరంలో, ఆ పుస్తకం తన దగ్గర తీసుకున్న ఒక ముసలాయన వెంటనే పటం తెరిచి లిల్లిపుట్ ఎక్కడుందా అని వెతికాడని తెలిపాడు. గలివర్ తనకు బాగా తెలుసనీ, అతడి ఊరు అచ్చులో తప్పు పడిందనీ చెప్పిన ఒక ఓడ కెప్టెన్ సంగతి కూడా అందులోనే ఉంది. ఆ గలివర్ ఓడల మీద తిరిగే శస్త్రవైద్యుడు కావడం మా వృత్తివాళ్ళం గర్వంగా చెప్పుకోదగిన ముచ్చట.

ఇంగ్లండుకు మారుపేరుగా స్థిరపడిపోయిన జాన్ బుల్ అనే పాత్ర కూడా ఆయన సృష్టే. స్పెయిన్ వారసత్వ యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతూ ఖజానాను తోడేస్తున్న 1712లో, ఆ యుద్ధాన్నంతటినీ ఒక వీధి వ్యాజ్యంగా మార్చి వరసగా అయిదు కరపత్రాలు వేశాడు. బట్టల వ్యాపారి జాన్ బుల్ ఇంగ్లండు. అతడితో కలిసి దావా వేసిన నికొలస్ ఫ్రాగ్ డచ్చి దేశం. ఎదిరి పక్షం లూయీ బబూన్ అంటే ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ. కేసు తెగకుండా సాగదీసే ప్లీడరు హోకస్ సాక్షాత్తూ సేనాపతి మార్ల్‌బరో ప్రభువు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడనే మన సామెత ఆ కథకు అట్టమీద అచ్చు వేయదగ్గది. నాకు నచ్చింది మాత్రం కథ కన్నా జాన్ బుల్ ఒంటి తీరు. నిజాయితీపరుడే గానీ ముక్కోపి, నిలకడ లేనివాడు, సీసా అంటే ప్రీతి. అతడి ఉత్సాహం వాతావరణాన్ని చూపే గాజు గొట్టంతో పాటు లేచి పడుతూ ఉంటుందని రాశాడు. ఒక దేశాన్ని వెక్కిరించడానికి కూర్చున్నవాడు ముందుగా దాని కేసుషీటు నింపాడు. ఇదే మనిషి 1733లో, గాలి మానవ శరీరంపై చూపే ప్రభావాల గురించి వైద్యగ్రంథం రాశాడని తెలిశాక ఆ వాక్యం ఇంకాస్త ముద్దొచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి లేస్తుంటే స్కానింగ్ గది బయట తగిలించిన బోర్డు మీద కన్ను పడింది. ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవనే ఆ బోర్డు రోజూ చూసేదే. ఈరోజు మాత్రం అర్బత్‌నాట్ లెక్క గుర్తొచ్చి ఒక నిమిషం ఆగాను. లండన్ చర్చిల జ్ఞానస్నానాల చిట్టాలు తీసి, 1629 నుంచి 1710 వరకు 82 ఏళ్ళలో ఒక్క ఏడూ తప్పకుండా మగపిల్లలే ఎక్కువని ఆయన గమనించాడు. ఆడా మగా పుట్టుక నాణెం ఎగరేసినంత యాదృచ్ఛికమైతే, వరసగా 82 సార్లు ఒకే పక్కకు మొగ్గే అవకాశం ఎంత? ఒకటిని, 48 పక్కన 23 సున్నాలున్నంత సంఖ్యతో భాగిస్తే వచ్చేంత. కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదు, దైవసంకల్పం అని రాయల్ సొసైటీ పత్రికలో తేల్చాడు. బయటి ప్రమాదాల్లో మగవారు ఎక్కువగా పోతారు గనుక సృష్టికర్త ముందే ఆ లోటు పూడుస్తున్నాడనీ, బహుభార్యాత్వం ప్రకృతి విరుద్ధమనీ అక్కడి నుంచి ఒక్క దూకు దూకాడు. ఆ దూకుడును ఇప్పుడెవరూ ఒప్పుకోరు గానీ, ఊహను అంకెలతో పరీక్షించే పద్ధతికి ఆ వ్యాసాన్ని తొలి ఉదాహరణగా గణాంకశాస్త్ర చరిత్రకారులు చెబుతారు. నూరుగురు ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు పుట్టడం సహజం. అంకె అంతకు బాగా మించిందంటే ఎక్కడో ఎవరో చేయి పెట్టారని అనుమానిస్తాం. ఆయన దేవుడి చేతిని చూపించడానికి వాడిన లెక్కతోనే మనం మనిషి చేతిని పట్టుకుంటున్నాం. 1994 నాటి చట్టమూ, ఆ బోర్డూ వచ్చింది ఆ చేతి కోసమే.

ఆ పసిపిల్లల లెక్క కట్టే రోజుల్లో ఆయన నాడి పట్టి చూస్తున్న రాణి 17 సార్లు గర్భం దాల్చి, ఒక్క బిడ్డనూ దక్కించుకోలేకపోయిన తల్లి. ఆ వ్యాసంలో ఆ ప్రస్తావన ఉండదు, ఉండకూడదు కూడా. 1714 ఆగస్టు 1న ఆమె కన్నుమూసినప్పుడు మాత్రం స్విఫ్ట్‌కు రాస్తూ, ఆమెకు మరణం వచ్చినంత ఇష్టంగా అలసిన బాటసారికి నిద్ర కూడా రాదన్నాడు. ఆమెతో పాటే ఆస్థానంలో ఆయన కొలువూ పోయింది.

ఇంత రాసినా పేరు మీద యావ లేని మనిషి. కరపత్రాలు పేరు లేకుండానే వెళ్ళిపోయేవి; రాసుకున్న కాగితాలు పిల్లలు గాలిపటాలు చేసుకున్నా పట్టించుకునేవాడు కాదని చెప్పుకునేవారు. మిత్రులంతా కలిసి సృష్టించిన మార్టినస్ స్క్రిబ్లెరస్ అనే అతిపండితుడి చరిత్రలో సింహభాగం ఆయనదేనంటారు. అది 1741లో, ఆయన పోయిన ఆరేళ్ళకు, పోప్ రచనలతో కలిసి అచ్చయింది.

సాయంత్రం చదివినది చివరి ఉత్తరాల భాగం. 1734లో ఉబ్బసం, ఒంటికి నీరు పట్టి, నిద్రా తిండీ కరువై హాంప్‌స్టెడ్‌కు మారాడు. తన జబ్బు పోకడ తనకు తెలుసు. అనుకోకుండా కాస్త తేరుకున్నందుకు, రేవు చేరబోతున్న ఓడ మళ్ళీ నడిసముద్రానికి కొట్టుకుపోయినట్టుందని స్విఫ్ట్‌కు విసుగ్గా రాశాడు. జులైలో పోప్‌కు రాసిన ఉత్తరంలో చివరి కోరికగా ఒక మాట అడిగాడు: చెడును అసహ్యించుకోవడం మానవద్దు, కానీ నీ క్షేమం చూసుకో, శిక్షించడం కన్నా సంస్కరించడం మీద ఎక్కువ దృష్టి పెట్టు. శిక్షించకుండా సంస్కరించడం అసాధ్యమని పోప్ బదులిచ్చాడు. మనుషులను వదిలేసి దుర్గుణాలను మాత్రమే తిట్టడం నీడలతో యుద్ధమన్నది అతడి వాదం.

ఈ తగవులో నేను చాలాసేపు అటూ ఇటూ ఊగాను. మందుల కంపెనీవారు ఇచ్చిన "తీపి తగ్గించండి, నడక పెంచండి" పోస్టరు మా వరండా గోడమీద ఉంది. పొద్దున వచ్చిన పెద్దాయన అరగంట దాని కిందే కూర్చున్నారు. వ్యంగ్యం అనే అద్దంలో జనానికి తమ ముఖం తప్ప అందరి ముఖాలూ కనిపిస్తాయని స్విఫ్ట్ 1704లోనే రాశాడు. గదిలోకి పిలిచి, 9.2 మీద వేలు పెట్టి, "ఇది మీదేనండీ" అన్నాకే ఆయన ముఖం మారింది. అంతవరకు పోప్ చెప్పిందే నిజం. అయితే ఆ మాట భార్య ముందు ఇంకాస్త గట్టిగా అని ఉంటే, వచ్చే నెల ఆయన మరో డాక్టరు దగ్గరకు వెళ్ళేవారు.

శిక్షించడం కన్నా సంస్కరించమన్న అర్బత్‌నాట్ కూడా ఒకసారి పేరు పెట్టి రాశాడు. వడ్డీవ్యాపారి, జూదరి, బలాత్కార నేరం రుజువై రాజక్షమతో బయటపడిన ఫ్రాన్సిస్ చార్టరిస్ 1732లో చచ్చినప్పుడు అతడికొక సమాధిలేఖ రాశాడు. ఈ దేహం ఇక్కడ ఇంకా కుళ్ళుతూనే ఉంది అని మొదలుపెట్టి, దుబారా, కపటం తప్ప మానవులకున్న సమస్త దుర్గుణాలనూ ముసలితనాన్నీ జబ్బులనూ లెక్కచేయకుండా ఇతడు సాధన చేశాడనీ, మొదటిదాని నుంచి పిసినారితనం, రెండోదాని నుంచి సిగ్గులేనితనం ఇతడిని కాపాడాయనీ వివరిస్తాడు. అచ్చంగా పోస్టుమార్టం నివేదిక. బతికి ఉన్న మార్ల్‌బరోను ప్లీడరుగా మార్చినవాడు, పేరు పెట్టింది మాత్రం పోయినవాడికే.

మిత్రుడి కోరికకు పోప్ పూర్తి జవాబు 1735 జనవరిలో ఒక పద్యలేఖగా, డాక్టర్ అర్బత్‌నాట్‌ను సంబోధిస్తూ వెలువడింది. తన జీవితాన్నే ఒక దీర్ఘవ్యాధి అంటూ, దాన్ని దాటించిన వైద్యుడికి అందులో కృతజ్ఞత చెప్పుకున్నాడు. మధ్యమధ్య అర్బత్‌నాట్ అడ్డుపడుతూ ఉంటాడు: ఆగు, పేర్లు వద్దు, శాంతించు, నేనూ రాయగలను, నీకు రెట్టింపు పొడుగున్నాను, అయినా ఇలాంటి శత్రువులతో నాకెందుకు? పోప్ నాలుగున్నర అడుగుల మనిషి. చివరికి ఆస్థానంలోని తన విరోధి హార్వీ ప్రభువును స్పోరస్ అన్న మారుపేరుతో చీల్చబోతుంటే, ఆ విరిగిన గాడిదపాల ముక్కకు వ్యంగ్యం తగిలినట్టయినా తెలుస్తుందా, సీతాకోకచిలుకను చిత్రవధ చక్రానికేసి విరిచేవాడెవడు అని ఆపుతాడు. దెబ్బ తెలిసే ఒళ్ళేనా ఇది అన్న ఆ ప్రశ్నను వైద్యుడి నోటనే పలికించాడు పోప్. ఆ తరవాత ఆగకుండా హార్వీని చీల్చాడు. ఫిబ్రవరి 27న అర్బత్‌నాట్ పోయాడు.