కుట్టుమిషను పక్కన హోంవర్కు

మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నా చదువు తెలుగు మీడియం, అదీ ఇంటర్‌తో ఆగిపోయింది. మా పాప ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతికి వచ్చాక రోజూ సాయంత్రం లెక్కల పుస్తకం, గ్రామరు పుస్తకం తెచ్చుకుని మిషను పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. దాన్ని చూసి పై పోర్షన్ అబ్బోడు, ఎదురింటి అక్కచెల్లెళ్ళు కూడా వచ్చి చేరారు. ట్యూషనని బోర్డు పెట్టలేదు, ఫీజూ లేదు. హోంవర్కు అయిపోయినవాళ్ళు జాకెట్లకు హుక్కులు కుట్టిపెట్టి పోతారు.

మొదట్లో నన్ను టెన్షన్ పెట్టింది లెక్క కాదు, లెక్క అడిగిన తీరు. క.సా.గు. (ఎల్‌సీఎం) కట్టడం నాకు బాగా వచ్చు. కానీ పేజీ నిండా ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలో అడిగింది దాన్నేనా, గ.సా.భా.నా (హెచ్‌సీఎఫ్) అని తేల్చుకునేసరికి అన్నం పొయ్యి మీద మాడేది. దీనికి దారి మా వీధిలోనే దొరికింది. ఎదురింటి పెద్దపాపది ప్రభుత్వ బడి. రాష్ట్రంలో 2020 నుంచి ఆ పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, దాని ఎదురు పేజీ తెలుగులో వస్తున్నాయి. మా పాపకు ప్రైవేటు స్కూలు పుస్తకంలో ఏదైనా పాఠం కొరుకుడు పడకపోతే, అదే పాఠాన్ని ఆ పాప పుస్తకంలో రెండు పేజీలూ కలిపి చదువుకుంటాం. పుస్తకం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో వీడియోలు కూడా వస్తాయి గానీ, ఫోను చేతికిస్తే మా పిల్లలు వీడియో దగ్గర ఆగరు.

కొన్నాళ్ళకు నాకో సంగతి తెలిసొచ్చింది. పిల్లలు అడిగే సందేహాలు లెక్కలేనన్ని ఉండవు. కొన్ని ముడులే, ఎవరు వచ్చినా అక్కడే చిక్కుకుంటారు.

భిన్నాల భాగహారం అలాంటిదే. తిరగేసి గుణించమని బళ్ళో చెప్తారు, వీళ్ళు తిరగేస్తారు, మార్కులు వస్తాయి. పై పోర్షన్ అబ్బోడు మాత్రం ఎందుకు తిరగెయ్యాలని పట్టుబట్టాడు. మూడు మీటర్ల లైనింగు గుడ్డ పరిచి, ముక్కకు ముప్పావు మీటరు చొప్పున ఎన్ని వస్తాయో కొలవమన్నాను. నాలుగు వచ్చాయి.

"మూడును భాగిస్తే నాలుగు వచ్చిందేందత్తా? తగ్గాల గదా!"

తగ్గాలని ఎవరు చెప్పార్రా అన్నాను. మూడు మీటర్లంటే పన్నెండు పావు మీటర్లు. ఒక్కో ముక్కకు మూడు పావులు పోతాయి. పన్నెండును మూడుతో భాగిస్తే నాలుగు. అంటే ముందు మూడును నాలుగుతో గుణించాం, తర్వాత మూడుతో భాగించాం. తిరగెయ్యడమంటే ఇదే. వాడు ఇంకోసారి కొలుచుకుని గానీ నమ్మలేదు. భాగిస్తే ఎప్పుడూ తగ్గుతుందన్న నమ్మకం చిన్న క్లాసుల్లోనే తలలో గట్టిపడిపోతుంది. దాన్ని కదిలించకుండా పై క్లాసు లెక్కలు ఎన్ని చేయించినా దండగే.

క.సా.గు., గ.సా.భా.లలో ఏది వాడాలన్నది తరువాతి గొడవ. నేను లెక్క చెయ్యమనను. లెక్కలో ఇచ్చిన సంఖ్యల కంటే జవాబు పెద్దదిగా రావాలా, చిన్నదిగానా అని అడుగుతాను. ఒక బస్సు 12 నిమిషాలకోసారి, ఇంకోటి 18 నిమిషాలకోసారి బయల్దేరుతాయి, ఆరింటికి రెండూ ఒకేసారి కదిలితే మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి? పన్నెండు నిమిషాల లోపు కలిసే వీలే లేదు. కాబట్టి పెద్దది కావాలి, క.సా.గు. 36, టైము ఆరూ ముప్పయ్యారు. అదే 12 మీటర్ల తాడు, 18 మీటర్ల తాడు మిగలకుండా ఒకే కొలత ముక్కలుగా కొయ్యాలంటే ముక్క తాడు కంటే పెద్దది కాలేదు. వీలైనంత పొడవు ముక్కలంటే గ.సా.భా., ఆరు మీటర్లు.

గ.సా.భా. కట్టే భాగహార పద్ధతి అలవాటు కావడానికి మన కొండ మెట్లే ఇచ్చాను. అలిపిరి దారిలో 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388. పెద్దదాన్ని చిన్నదానితో భాగించు, వచ్చిన శేషంతో ఆ చిన్నదాన్ని భాగించు, అలా దిగుతూ పో. శేషాలు 1,162, 64, 10, 4, 2, ఆ తర్వాత సున్నా. అంత పెద్ద సంఖ్యలకు గ.సా.భా. చివరికి 2 అని తేలేసరికి పిల్లలు ఉసూరుమన్నారు. మా పాప మాత్రం ఇంత కష్టపెట్టి రెండా అని స్వామివారి మీదే అలిగింది.

రైలు లెక్కలకు వసారా పనికొచ్చింది. 240 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో 360 మీటర్ల ప్లాట్‌ఫారం దాటడానికి ఎంతసేపు? 54ను 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు. అంతవరకు అందరికీ వస్తుంది. 1,000 మీటర్లను 3,600 సెకన్లతో భాగిస్తే వచ్చేదే ఆ 5/18 అని కూడా చెప్పగలరు. రైలు పొడవు ఎందుకు కలపాలన్న దగ్గరే ఆగిపోతారు. నలుగురినీ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వసారా ఈ చివర నుంచి ఆ చివరికి నడవమన్నాను. ముందున్న అబ్బోడు బయటికి వెళ్ళగానే అయిపోయిందని అరిచాడు, వెనకున్న చిన్నపాప నేనింకా లోపలే ఉన్నానని అరిచింది. ఆ పాప కూడా బయటపడితే గదా రైలు దాటినట్టు! 600 మీటర్లు, 40 సెకన్లు. కరెంటు స్తంభం దాటే లెక్కయితే రైలు పొడవొక్కటే, 16 సెకన్లు.

ఫోన్లో ఫొటో తీసి జవాబు తెచ్చుకునే పిల్లలూ ఉన్నారు. ఎదురింటి పెద్దపాప అయిదో తరగతి చెల్లెలికి అలా ఒక లెక్క చేసిపెట్టింది. అందులో ఎక్స్ అనుకొనుము అని సమీకరణం వచ్చింది. అయిదో తరగతి పిల్లకు ఎక్స్ ఎక్కడిది? టీచరు నోటుబుక్కు చూడగానే పట్టేసింది. ఇప్పుడు మా దగ్గర ఫోను ఆఖర్న జవాబు సరిచూసుకోవడానికే.

ఇంగ్లీషు గ్రామరంటే నాకు లెక్కల కంటే బెరుకు. అయినా ఆర్టికల్స్ ఇంత సులువుగా లొంగుతాయనుకోలేదు. ఎ, ఇ, ఐ, ఓ, యూ ముందు యాన్ పెట్టాలని బట్టీపట్టి, పిల్లలంతా యూనివర్సిటీకి యాన్ పెట్టేవాళ్ళు. ఆ మాటను తెలుగులో రాయమన్నాను. మొదటి అక్షరం అచ్చయితే యాన్, హల్లయితే ఎ. యూనివర్సిటీ 'య'తో మొదలవుతుంది, అందుకే ఎ యూనివర్సిటీ. ఇంగ్లీషులో హెచ్‌తో రాసినా అవర్ తెలుగులో 'అ', కాబట్టి యాన్ అవర్. యాన్ ఎమ్మెల్యే, ఎ వన్ రూపీ కాయిన్. ఒక్క జాగ్రత్త: మనం ఎగ్‌ను యెగ్గని పలుకుతాం, అలా రాసుకుంటే జవాబు తప్పుతుంది.

ప్యాసివ్ వాయిస్ కిటుకు నాది కాదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒక టీచరమ్మ పిల్లల అవస్థ చూసి, "క్రియను పట్టుకుని ఎవర్ని, దేన్ని అని అడగమనమ్మా, జవాబొస్తేనే ప్యాసివ్" అంది. హి రైట్స్ ఎ లెటర్. దేన్ని రాస్తాడు? లెటర్ని. ఎ లెటర్ ఈజ్ రిటెన్ బై హిమ్. హి స్లీప్స్. దేన్ని నిద్రపోతాడు? జవాబే లేదు, వదిలెయ్. ఆవిడ జాకెట్టు ఆ వారం అందరికంటే ముందు కుట్టిచ్చాను.

సిన్స్, ఫర్ దగ్గర మన 'నుంచి' అడ్డొస్తుంది. సోమవారం నుంచి, మూడు రోజుల నుంచి అని రెండింటికీ ఒకటే వాడతాం. ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్ మండే, ఎంతకాలమో చెప్తే ఫర్ త్రీ డేస్. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగితే ఫర్ అని చిన్నపాప సొంతంగా ఒక సూత్రం కట్టుకుంది, ఇప్పటిదాకా దానితో నెట్టుకొస్తోంది. డస్ హి గోస్ అని రాసేవాళ్ళకు మాత్రం పెద్ద వివరణ ఇవ్వను. ఎస్‌ను డస్ తీసేసుకుంది, గో దగ్గర ఇంకేం మిగల్లేదంటాను, దిద్దుకుంటారు.

ప్రిపోజిషన్లకు నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. కార్లో అయితే ఇన్, బస్సులో అయితే ఆన్ ఎందుకని అబ్బోడు అడిగితే, అది వాళ్ళ భాష, వాళ్ళిష్టం అన్నాను. నోటుబుక్కు వెనక పేజీల్లో ఆన్ ద బస్, ఇన్ ద కార్, ఎట్ ద బస్టాండ్ అని కనబడినవి కనబడినట్టు రాసుకుంటున్నారు. వ్యాసాలు, లెటర్లు కూడా నేను ముట్టుకోను. తప్పులుంటే కింద గీత గీస్తాను, రాయడం వాళ్ళ పని. జూన్‌లో మా పాప ఎనిమిదికి వెళ్తుంది. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ వస్తుందట, దానికి కోసి చూపించడానికి చదరాలకు పనికొచ్చే గుడ్డముక్కలు పక్కన పెడుతున్నాను.