వీధికి వీపు తిప్పిన ఇల్లు

స్విట్జర్లాండ్‌లోని లొకార్నోలో రెండు రోజులున్నాను. సరస్సు గురించి, కొండల గురించి బోలెడుమంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. చిన్న కప్పు కాఫీకి ఐదు ఫ్రాంకులు ఇచ్చుకున్న బాధ మాత్రం ఇంకా పోలేదు. అసలు నేను వెళ్ళింది చెంతోవల్లి రైలెక్కి తెన్యా అనే ఊరు చూడ్డానికి. అమెరికన్ రచయిత్రి పాట్రీషియా హైస్మిత్ చివరి ఇల్లు అక్కడే.

హాస్టల్లో ఉన్నప్పుడు అట్ట ఊడిపోయిన ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్’ నా చేతికొచ్చింది. 1950లో వచ్చిన ఆవిడ మొదటి నవల. రైల్లో పరిచయమైన ఇద్దరు మగవాళ్ళు. నీకు అడ్డుగా ఉన్న మనిషిని నేను చంపుతా, నాకు అడ్డుగా ఉన్న మనిషిని నువ్వు చంపు అంటాడు ఒకడు. తెల్లారేదాకా చదివాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు రైల్లో ఎదుటి సీటువాళ్ళు ‘ఎందాకా?’ అంటే చాలు, టెన్షన్. తెన్యా వెళ్తున్నప్పుడు కూడా ఎదురుగా ఉన్న పెద్దాయన నవ్వితే కిటికీవైపు తిరిగిపోయాను.

టెక్సస్‌లో పుట్టిన మనిషి, 1963లో యూరప్ వచ్చేసి ఇంగ్లండ్, ఫ్రాన్స్ తిరిగి, 1988లో ఈ ఇంట్లో చేరింది. తెల్లటి ఒంటి అంతస్తు ఇల్లు. రోడ్డువైపు దాదాపు అంతా గోడే. గదులన్నీ వెనక తోటవైపు తెరుచుకునేలా కట్టించుకుంది. ఇప్పుడు వేరేవాళ్ళ ఇల్లు కదా, రోడ్డు మీదే నిలబడ్డాను.

మనుషులంటే గిట్టకే ఆవిడ అలా బతికిందంటారు. ఆ గోడ చూస్తుంటే నాకలా అనిపించలేదు. 1995లో పోయాక, దుప్పట్ల అల్మారాలో 18 డైరీలు, 38 నోటుబుక్కులు దొరికాయి. దాదాపు 8 వేల పేజీలు. ఇప్పుడవి బెర్న్‌లో జాతీయ సాహిత్య భాండాగారంలో ఉన్నాయి. మనుషులు అక్కర్లేని మనిషి వాళ్ళ గురించి అన్ని పేజీలు రాస్తుందా?

చర్చి శ్మశానంలో పెద్ద సమాధి ఉంటుందనుకుని రాళ్ళన్నీ వెతికాను. వాన మొదలైంది. పూలకుండీలు సర్దుతున్న ఒక ముసలావిడ నా అవస్థ చూసి, ‘హైస్మిత్?’ అని తనే అడిగి గోడవైపు వేలు చూపించింది. అస్థికలు పెట్టే గూళ్ళలో ఒకటి, అరచేతులు రెండూ ఆనిస్తే మూసుకుపోయేంత. నేను వెతికింది నేల మీద, ఆవిడ ఉన్నది గోడలో.

ఈలోగా రైలు వెళ్ళిపోయింది. స్టేషన్లో చూరు కింద నిలబడితే ఆ ముసలావిడే గొడుగు దులుపుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఇటాలియన్‌లో ఏదో అడిగింది. ‘ఎందాకా?’ అనే అయ్యుంటుంది.

‘లొకార్నో’ అన్నాను.