కొంచెం మెల్లగా మాట్లాడు

జర్మనీలో ఎర్‌ఫుర్ట్‌కి వచ్చి మూడేళ్లయింది. ఇన్నాళ్లలో ఆఫీసులో ఎవరి చేతా మాట పడలేదు. పోయిన నెల పడ్డాను, అది కూడా ఒక మ్యూజియంలో.

టీం అంతా కలిసి ఊళ్లో ఉన్న పాత సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, వెళ్లాం. కింద నేలమాళిగలో, అద్దాల వెనక ఒక బంగారు పెళ్లి ఉంగరం ఉంది. మన ఉంగరాలకి రాయి పొదిగే చోట దీనికి బుల్లి మేడ ఉంది. సన్నటి స్తంభాలు, కోసుగా పైకి లేచిన కప్పు, కప్పు మీద హీబ్రూలో ‘మజల్ తోవ్’ అని చెక్కిన అక్షరాలు. శుభాకాంక్షలన్నమాట. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. ఉత్సాహం ఆగక అంతా చెప్పేస్తున్నాను. “ఎవరిది నాయనా అది?” అని అమ్మ అడుగుతుండగా, మా టీంలో అందరికంటే పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసింది. “కొంచెం మెల్లగా మాట్లాడు” అంది. చుట్టూ ఉన్నవాళ్లు మావైపు చూశారు. ఫోన్ పెట్టేశాను.

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. గుళ్లో మనం గొంతు తగ్గించుకుంటామా? గంట కొడతాం, పిల్లలు పరిగెడతారు, ఏడాదికోసారి కనబడే చుట్టాలు అక్కడే కలుస్తారు. దేవుడున్న చోట సందడి ఉండాలనే మనం పెరిగాం. పైగా ఆవిడ చర్చికి వెళ్లే మనిషి కూడా కాదు. ఇక్కడ చర్చి సభ్యులకి జీతంలోంచి చర్చి పన్ను కోస్తారు, మా రాష్ట్రంలో ఆదాయపు పన్ను మీద 9 శాతం. ఆవిడ ఎప్పుడో సభ్యత్వం వదులుకుంది. ఆవిడే నాకు చెప్పాలా అనిపించింది.

పై అంతస్తుకి వెళ్తే మనసు ఇంకా మండింది. 19వ శతాబ్దంలో అక్కడ డ్యాన్స్ హాలు పెట్టారట. రంగులు వేసిన బాల్కనీ ఇప్పటికీ అలాగే ఉంది. బౌలింగ్ కూడా ఆడేవాళ్లట. ప్రార్థన చేసిన చోట వీళ్లు డ్యాన్సులు వేయొచ్చు, నేను రెండు నిమిషాలు అమ్మతో మాట్లాడితే తప్పయిందా? మర్నాడు కాఫీ దగ్గర ఉండబట్టలేక ఆవిడనే అడిగేశాను.

కోప్పడలేదు. “ఆ డ్యాన్స్ హాలే దాన్ని కాపాడింది” అంది.

ఆ గోడల్లో కొన్ని 1094 నాటివి. 1349 మార్చిలో ఊళ్లోని యూదుల మీద పడి చంపేశారు. ప్లేగు తెచ్చింది వాళ్లేనని ఆ రోజుల్లో చాలా ఊళ్లలో పుకారు లేపారు. సినగాగ్ ఒక వ్యాపారి చేతికి పోయింది. అతను కింద నేలమాళిగ తవ్వించి గిడ్డంగి చేసుకున్నాడు. దాదాపు 500 ఏళ్లు గిడ్డంగిగానే ఉంది, ఆ తర్వాత హోటలూ డ్యాన్సులూ. చుట్టూ కట్టడాలు లేచి, అది ఏమిటో ఊరే మర్చిపోయింది. 1938 నవంబర్‌లో నాజీలు ఈ ఊళ్లో పెద్ద సినగాగ్‌ని తగలబెట్టారు. ఇదొకటి ఉందని వాళ్లకి తెలియనే తెలియదు. ఇప్పుడు అది మ్యూజియం, 2023 నుంచి యునెస్కో జాబితాలో కూడా ఉంది.

“ఆ ఉంగరం 1998లో దగ్గర్లోనే తవ్వకాల్లో దొరికింది. మూడు వేలకి పైగా వెండి నాణేలతో కలిపి పాతిపెట్టారు, మళ్లీ వచ్చి తీసుకుందామని. ఎవరూ రాలేదు” అంది ఆవిడ. నాకు నోట మాట రాలేదు.

ఆ రోజంతా పనిలో ఉన్నా మనసు మాత్రం మన సంగమేశ్వరం గుడిలోనే ఉంది. శ్రీశైలం డ్యాం కట్టాక అది ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. ఎండాకాలం నీళ్లు దిగాక బయటపడుతుంది, వేపదారు లింగానికి మళ్లీ పూజలు మొదలవుతాయి. కూడవెల్లి గుడినైతే రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు కూడా ఆ నీళ్ల కిందే ఉంది. ఇక్కడా బొగ్గు గని కోసం ఇమ్మెరాత్ అనే ఊళ్లో పెద్ద చర్చిని 2018లో కూల్చేశారు. మనం గుడిని గిడ్డంగి కానివ్వం అని లోపల ఇంకా వాదించుకుంటూనే ఉన్నాను. కానీ మనకి నీళ్లు దిగుతాయి. దిగినప్పుడు పోయి దీపం పెట్టడానికి మనుషులున్నారు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి, ఆ ఉంగరం ఎవరిదో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

“వాళ్ల వాళ్లు ఒక్కరన్నా రాలేదా నాయనా?”

“లేదమ్మా.”

“ఈ ఏడు సంగమేశ్వరం బయటపడినాక పోతాం. ఆ ఉంగరం పెట్టుకున్న ఆడబిడ్డ పేరున కూడా ఒక టెంకాయ కొడతా” అంది.